ఖాళీ కారు కుంగిందెందుకు

మస్కట్,
జనవరి 2001

పూజ్యులైన పోతురాజు మావయ్య గారికి,

మీ మేనల్లుడు రాంబాబు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అత్తయ్య, అమ్మ, మన ఎస్టీమ్ కారు అందరూ క్షేమమని తలుస్తాను.

మా గ్యారేజీలో పనిచేసే సూరయ్య సెలవు మీద వస్తున్నాడు. వాడి చేత ఒక పెట్టె పంపుతున్నాను. అందులో నాలుగు స్ప్రింగులు, నాలుగు స్ట్రట్లు ఉన్నాయి. స్ట్రట్లంటే మన మెకానిక్కులు షాకబ్జార్లంటారే, అవే. చక్రం దగ్గర నిలువుగా ఒక గొట్టం ఉంటుంది, దానికి తోడుగా స్ప్రింగు ఉంటుంది. మీరు కారుని అమలాపురం తీసుకెళ్ళి పాతవి తీయించి ఇవి వేయించండి. కారు రెండంగుళాలు కిందికి దిగుతుంది. కాలవ గట్టు మీద మలుపు తిరిగేటప్పుడు ఇప్పట్లా పక్కకి ఒరగదు. ఇక్కడి కుర్రాళ్ళకి కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. గ్యారేజీలో నేను చేసేదంతా ఇదే, కార్లు దించడం.

ఈ తొందర ఎందుకో కూడా చెప్పేస్తాను. ఏటి అవతల గోవిందరాజులు గారి సంబంధం మాట్లాడారు కదా. వాళ్ళమ్మాయి లక్ష్మీతులసిని పోయిన సెలవులో చూసిన దగ్గర్నుంచి నాకు ఇంకో సంబంధం మాట వినబుద్ధి కావడం లేదు. కానీ ఆ రోజు ఆయన అన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. "గల్ఫెళ్ళినోళ్ళందరూ పనేనంటారండీ. ఏం పనో మనం ఎల్లి చూసొచ్చేమా" అన్నారు. ఆయన మన ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజున అవతలి రేవు నుంచి మన కారులోనే తీసుకురండి. అడిగితే ఇదీ మావాడి పనితనం అని చూపించండి. ఈ సంబంధం తప్పిపోతే నా దగ్గర మళ్ళీ పెళ్ళి మాట ఎత్తవద్దు.

ఇట్లు,
మీ రాంబాబు

తా.క. ఫోను చేద్దామనుకున్నాను. కిందటిసారి మన వీధి కొట్టుకి ఫోను చేస్తే నేను చెప్పింది మీకు వినపడలేదు. మీరు చెప్పింది ఊరంతా విన్నారని సూరయ్యకి వాళ్ళింటి నుంచి ఉత్తరం వచ్చింది. అందుకని ఇలా రాస్తున్నాను.

*

అల్లవరం,
ఫిబ్రవరి 2001

చిరంజీవి రాంబాబుని మావయ్య దీవించి రాసేది,

పెట్టె అందింది. ముందుగా చెడ్డ కబురు చెబుతాను, ధైర్యం తెచ్చుకో. నిన్నెవరో మోసం చేశారు. స్ప్రింగులు పొట్టివి. నేను కారు కింద దూరి పాతదాన్ని జానతో కొలిచి, కొత్తదాన్ని కొలిచి చూశాను. తేడా చాలా ఉంది.

తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివితే, పొట్టివి నువ్వు కావాలనే పంపావని తెలిసి ఇంకా కంగారు పడ్డాను. ఒరేయ్, వరదలొచ్చే చోట పుట్టినవాడివి. ఇక్కడ ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేస్తాం. పశువుల పాకకి మెరక, గడ్డిమేటుకి మెరక, ఆఖరికి కోళ్ళగూటికి కూడా నాలుగు ఇటుకలు ఎత్తు పెడతాం. ఉన్న ఎత్తు తగ్గించుకునేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మస్కట్‌లో వానలు పడవు కాబోలు.

అయినా నువ్వు నోరు తెరిచి అడిగావు, అందులో పెళ్ళి మాట. అందుకని పని చేసిపెట్టాను. ఇనుముతో కాదు. ఖాళీ పడవ నీళ్ళ మీద పైకి తేలిపోయి గాలికి ఒరుగుతుంది. అడుగున ఇసక బస్తాలు వేస్తే దిగి, నిలబడుతుంది. రేవులో బళ్ళని ఏరు దాటించే పంటు నడిపి బతికినవాడికి ఈపాటి తెలీదా? డిక్కీలో ఇసక వేశాను. వెనక దిగింది కానీ ముందు లేచింది. ముందు సీటు దగ్గర కూడా వేశాను. ఇప్పుడు నువ్వు చెప్పినట్టు రెండంగుళాలు దిగి సమంగా ఉంది. మలుపులో ఒరగడం లేదు. అసలు మలుపు దాకా వెళ్ళడానికే ఆయాసపడుతోంది.

నువ్వు పంపినవి వృథా చెయ్యలేదు. స్ప్రింగొకటి మీ అమ్మ నీళ్ళకుండకి కుదురుగా పెట్టుకుంది. గొట్టాలు సైకిలు పంపులనుకుని గాలి కొట్టి చూశాం. లోపలికి నొక్కితే దానంతట అదే పైకొస్తోంది గానీ గాలి రావడం లేదు. వాటిలో కూడా నీకు నాసిరకం అంటగట్టారు.

ఇట్లు,
మావయ్య పోతురాజు

తా.క. కుండలో నీళ్ళు ముంచినకొద్దీ కుండ కొంచెం కొంచెం పైకి లేస్తోందని మీ అమ్మ వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపిస్తోంది. కొడుకు ఎంత చదువు చదివాడో అని మురిసిపోతోంది.

*

మస్కట్,
ఫిబ్రవరి 2001

మావయ్య గారికి రాంబాబు దండం పెట్టి రాసేది,

ఉత్తరం చదివి అన్నం మానేశాను. ఇసక వెంటనే తీయించండి. టైర్లు, ఇంజను పాడైపోతాయి.

స్ప్రింగులు పొట్టిగానే ఉండాలి. గొట్టాలు పంపులు కావు. వాటిలో నూనె, గ్యాసు నింపి మూతి బిగించేస్తారు. స్ప్రింగు ఎగిరిపడకుండా పట్టుకునేది ఆ గొట్టమే. దయచేసి తెరవకండి, నొక్కకండి, ఎవరికీ నొక్కడానికి ఇవ్వకండి.

మీకు పడవ భాషలో చెబుతాను. బరువు వేసి దించడం ఎవరైనా చేస్తారు. బరువు లేకుండా దించడం పనితనం. లోపల పురుగు కూడా లేకపోయినా కారు నిండు పడవలాగా కూర్చోవాలి. చూసినవాళ్ళు ఇదేమిటా అని ఆగిపోవాలి. అదీ మాకు గొప్ప. అమలాపురం మెకానిక్కుకి ఈ ఉత్తరం చూపిస్తే అతనికి అర్థమవుతుంది.

వేయించాక నలుగురికన్నా ఎక్కువ ఎక్కించకండి. గోవిందరాజులు గారిని తీసుకొచ్చేటప్పుడు మీతో కలిపే నలుగురు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఐమూలగా, మెల్లిగా పోనివ్వండి.

ఇట్లు,
మీ రాంబాబు

తా.క. కుండని మట్టి కుదురు మీదికి మార్చమని అమ్మకి చెప్పండి. అలిగితే, వచ్చేటప్పుడు కుండ కోసమని వేరే స్ప్రింగు తెస్తానని చెప్పండి.

*

అల్లవరం,
మార్చి 2001

చిరంజీవి రాంబాబుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే అమలాపురంలో అన్నీ వేయించాను. కారు దిగింది. నువ్వన్నట్టే చూసినవాళ్ళు ఇదేమిటా అని ఆగిపోతున్నారు. వచ్చిన చిక్కల్లా, ఆగినవాళ్ళు మళ్ళీ కదలడం లేదు.

ఇక్కడ మనవాళ్ళ సంగతి నీకు తెలియంది కాదు. పడవ చూడగానే ఎంత మునిగిందో చూసి ఎంత సరుకుందో చెప్పేస్తారు. వాళ్ళకి కారైనా అంతే. నేను కారు పంటు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు పంటు నడిపేది ముత్యాలరాజు, నా దగ్గర పని నేర్చినవాడే. ఖాళీ బండిని అంచున నిలబెడతాం, బరువు బండిని నడిమధ్యన పెడతాం, అది రేవు పద్ధతి. వాడు మన కారు వంక ఒక్కసారి చూసి నడిమధ్యకి రమ్మన్నాడు. కారు ఖాళీ అని చెప్పాను. తలుపులు తీసి చూశాడు, డిక్కీ తీసి చూశాడు, వంగి కింద చూశాడు. ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి వాడి మొహంలో గౌరవం వచ్చింది. "ఆయ్, ఖాళీయేనండీ" అని నెమ్మదిగా అని, కారుని నడిమధ్యనే పెట్టాడు.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. గల్ఫు నుంచి వచ్చిన గొట్టాలు, మూతి బిగించినవి, వాటిని వేయించగానే ఖాళీ కారు కుంగిపోయింది. ఇంక అందులో ఏముంటుందో చెప్పాలా? బంగారం అంటున్నారు. బండారులంక నుంచి చీరల వ్యాపారి ఒకాయన మీ అమ్మకి వరసగా పట్టుచీరలు చూపించి, డబ్బుకి తొందర లేదమ్మా, మీకిప్పుడు లోటేమిటి అని వెళ్ళాడు.

నేను అందరినీ కసిరాను. కానీ ఒరేయ్, ఈ మాట నిన్ను అడగక తప్పడం లేదు. నేను నీ మేనమామని. బరువు లేకుండా దిగడం అన్నావు. గొట్టాలు తెరవద్దన్నావు, ఎవరి చేతికీ ఇవ్వద్దన్నావు. నేను పుట్టినప్పటి నుంచి నీటి మీద ఉన్నాను, సరుకు లేకుండా దిగిన పడవని చూడలేదు. ఆ గొట్టాల్లో ఏం పెట్టావో నా ఒక్కడికి చెప్పు.

ఇట్లు,
మావయ్య

తా.క. చెప్పడానికి భయమైతే ఉత్తరంలో రాయకు. ఏమీ లేకపోతే "అమ్మని అడిగానని చెప్పండి" అని రాయి. ఉంటే ఏమీ రాయకు. నాకు అర్థమైపోతుంది.

*

మస్కట్,
ఏప్రిల్ 2001

మావయ్య గారికి,

అమ్మని అడిగానని చెప్పండి. అమ్మని అడిగానని చెప్పండి. మూడోసారి కూడా రాస్తున్నాను, అమ్మని అడిగానని చెప్పండి.

అందులో నూనె, గ్యాసు తప్ప ఏమీ లేవు. బంగారం దాకా ఎందుకు, నా జీతంలో గొట్టాల ఖరీదు పోను మిగిలింది చూస్తే మీకే జాలేస్తుంది. ఈ మాట గోవిందరాజులు గారి చెవిన పడితే నన్ను దొంగబంగారం వాడనుకుంటారు. అసలే నేనేం పని చేస్తానో ఆయనకి అనుమానం. లక్ష్మీతులసి ఏమనుకుంటుందో తలుచుకుంటే ఇక్కడ పని మీద మనసు నిలవడం లేదు. మొన్న ఒక అరబ్బు కారుకి ముందువి వెనక, వెనకవి ముందు బిగించబోయి తిట్లు తిన్నాను.

మీరే ఇంటింటికీ వెళ్ళి చెప్పండి. బంగారం లేదని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పండి. గోవిందరాజులు గారు వచ్చేలోపు ఈ పుకారు చల్లారిపోవాలి.

ఇట్లు,
మీ రాంబాబు

తా.క. అమ్మ ఆ పట్టుచీరల్లో ఏదైనా తీసుకుందా? తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయమనండి.

*

అల్లవరం,
ఏప్రిల్ 2001

చిరంజీవి రాంబాబుకి,

నువ్వు చెప్పినట్టే గడప గడపకీ వెళ్ళి చెప్పాను. మావాడి కారులో బంగారం లేదండీ అని. అంతవరకు నమ్మనివాళ్ళు కూడా నమ్మేశారు. ఎవరింట్లోనైనా లేనిదాన్ని లేదని చెప్పడానికి పెద్దమనిషి పనిగట్టుకుని ఎండలో తిరుగుతాడా అని వాళ్ళ ప్రశ్న. అందులో సబబు ఉందని నాకే అనిపించి, సగంలో మానేసి ఇంటికొచ్చేశాను.

గోవిందరాజులు గారు వచ్చారు. వాళ్ళు ముగ్గురు వస్తారనుకున్నాను, అయిదుగురు దిగారు. అందరూ బాగా తిని పెరిగినవాళ్ళు. కాదంటే మర్యాదగా ఉండదని ఎక్కించాను. కాలవ లాకుల దగ్గర ఎత్తులో కారు కడుపు నేలకి తగిలి, ఏనుగు ఈడ్చినట్టు చప్పుడైంది. గోవిందరాజులు గారు దిగి చూశారు. ఎక్కారు. తర్వాతి స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్ళీ దిగారు. అక్కణ్ణుంచి మనింటి దాకా ఆయన కారుకి ముందు నడిచారు, మేము వెనక మెల్లిగా వచ్చాం. చూసినవాళ్ళు బంగారానికి కాపలాగా అవతలి ఊరి పెద్దమనిషిని నడిపిస్తున్నామని అనుకున్నారు.

ఇల్లు బాగుందన్నారు. మీ అమ్మ వండిన రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను పక్కకి పిలిచి ఇలా అన్నారు. "మీరంటే గౌరవమేనండీ. కానీ కారు కుంగిందంటే లోపలేదో ఉండాలి, లేదా కారైనా పాడైపోవాలి. మొదటిదైతే పోలీసులొస్తారు. రెండోదైతే మీవోడికి పని రాదని. నా కూతుర్ని ఎలాగివ్వమంటారు?"

సిగ్గుపడ్డానురా. మాట పూర్తిగా తెగలేదు కానీ, తెగినంత పనయింది.

ఇట్లు,
మావయ్య

తా.క. మీ అమ్మ చీర తీసుకుంది. తిరిగి ఇవ్వబోతే ఆ వ్యాపారి పుచ్చుకోలేదు. బంగారం సంగతి బయటపడకుండా జాగ్రత్తపడుతున్నారా అని నవ్వాడట.

*

మస్కట్,
మే 2001

మావయ్య గారికి,

ఉత్తరం అందింది. తప్పంతా నాది. మన ఊళ్ళో ఒక్కరైనా నా పని చూడాలని సరదాపడ్డాను, అది ఇలా తగలబడింది. ఆయనకి నా పని చూపిద్దామని చేసి, ఆ పనితోనే ఆయన నన్ను కాదనేలా చేసుకున్నాను.

ఇంక నాకు ఏ గొప్పా వద్దు. అమలాపురం మెకానిక్కు దగ్గర పాత స్ప్రింగులు, షాకబ్జార్లు ఉంటే తిరిగి వేయించేయండి. ఇంకా ఎత్తు పెంచగలిగితే పెంచండి. కారు జీపు అంత ఎత్తున ఉన్నా నాకిష్టమే. గోవిందరాజులు గారికి ఒక్కసారి చూపించి, ఇది మామూలు కారేనని చెప్పండి. అప్పటికీ కాదంటే ఆయన కాళ్ళు పట్టుకోవద్దు. మీరు తలవంచడం నాకిష్టం లేదు.

ఇట్లు,
రాంబాబు

తా.క. లక్ష్మీతులసికి వేరే సంబంధం కుదిరితే ఆ కబురు మాత్రం వెంటనే రాయకండి. మూడు నాలుగు ఉత్తరాలయ్యాక రాయండి.

*

అల్లవరం,
జూన్ 2001

చిరంజీవి, కాబోయే పెళ్ళికొడుకు రాంబాబుని మావయ్య దీవించి రాసేది,

పైన రాసింది పొరపాటు కాదు. నిదానంగా చదువు.

నీ ఉత్తరం చూసి నాకు కోపం వచ్చింది. కారు ఎత్తు పెంచితే, బంగారం తీసేశారు, అందుకే లేచింది అంటారు. ఆ మాట నీకు తట్టలేదు. అందుకని నేనే ఒక ఆలోచన చేశాను. కాటా మీద తూయిస్తే కాటావాడిని కొన్నామంటారు. నీళ్ళని ఎవరూ కొనలేరు కదా. అమలాపురం డాక్టరు గారికి మన కారు లాంటిదే తెల్ల ఎస్టీమ్ ఉంది. ఆయన్ని బతిమాలి రేవుకి రప్పించాను. గోవిందరాజులు గారికి, అవతలి ఒడ్డు పెద్దలకి కబురు పెట్టాను.

ముందు డాక్టరు గారి కారుని పంటు నడిమధ్యన పెట్టి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పడవకి సున్నంతో గీత గీశాం. దాన్ని దింపి మన కారుని అక్కడే పెట్టాం. రెండు ఒడ్ల మీదా జనం. నీ మాట నమ్మానని పైకి అంటున్నాను గానీ లోపల నాకే నమ్మకం లేదు, నువ్వేమీ అనుకోకు. ముత్యాలరాజు వంగి చూసి, గీత దగ్గరే ఉందండీ అన్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. బంగారం ఉంటే బాగుండునని చూస్తున్నవాళ్ళకీ వచ్చాయనుకో, అది వేరే.

పంటు అవతలి ఒడ్డుకి చేర్చి కారు దింపాం. గోవిందరాజులు గారు బంగారం లేదని ఒప్పుకున్నారు. కారు పంటు మీంచి చక్కగా దిగి వచ్చింది కాబట్టి పాడవలేదనీ ఒప్పుకున్నారు. అయితే ఏమీ లేకుండా, పాడవకుండా, కారు కుంగిందెందుకండీ అని మళ్ళీ మొదటికి వచ్చారు. అందరూ నా వంక చూశారు. నాకూ తెలీదు. నీ ఉత్తరాలన్నీ చదివినా నాకు ఈరోజు వరకు అర్థం కాలేదు.

అప్పుడు జనంలోంచి ఆయన తల్లి కనకరత్నం గారు వచ్చారు. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టుకి కాలు అందదు, ఆటోకీ లేవదు. ఎవరూ ఎత్తి ఎక్కించడం ఆవిడకి ఇష్టం ఉండదట. ఏరు దాటి ఉప్పలగుప్తంలో పుట్టింటికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదన్నారు. ఆవిడ కారు తలుపు తీయించి, అరుగు మీద కూర్చున్నట్టు వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు రెండూ తనే లోపలికి పెట్టుకున్నారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కూర్చుని కొడుకు వంక చూసి అన్నారు.

"ఎందుకేంట్రా? నాలాంటిది ఎక్కడానికి."

నేను వెంటనే "ఆయ్, అందుకేనండీ" అన్నాను.

ఆవిడ అక్కణ్ణుంచి దిగలేదు. అట్నుంచటే మళ్ళీ పంటు ఎక్కించి ఉప్పలగుప్తం తీసుకెళ్ళమన్నారు. వెనక సీట్లో నానమ్మ పక్కన లక్ష్మీతులసి కూర్చుంది. నీ స్ప్రింగుల సంగతి నీకు తెలుసు కదా, రోడ్డు మీద రాయి ఉంటే రాయి, పుల్ల ఉంటే పుల్ల, అన్నీ నడుముకి తెలుస్తాయి. నేను భయపడుతూ నడుపుతున్నాను. ఆవిడ వెనకనుంచి, చిన్నప్పుడు ఎడ్లబండిలో పుట్టింటికి వెళ్ళినట్టే ఉందయ్యా, ఇప్పటి కార్లలో ఇంత సుఖం లేదు అన్నారు. పుట్టింటి గుమ్మంలో దిగి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చారు. తమ్ముడే అయినా ఆయన ఈవిడకన్నా ముసలివాడైపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం ఇంక అవదనుకున్నారట. నేనూ ఏడ్చాను. లక్ష్మీతులసి కారు చుట్టూ తిరిగి, వంగి స్ప్రింగుల వంక చూసి, నవ్వుకుంది. ఎందుకు నవ్వుకుందో నన్నడక్కు, వచ్చి దాన్నే అడుగు.

తిరిగొచ్చాక కనకరత్నం గారు కొడుకుతో, పిల్లని ఆ అబ్బాయికే ఇవ్వమని చెప్పారు. ముసలివాళ్ళ కష్టం తెలిసినవాడు పెళ్ళాన్ని కష్టపెట్టడట. శ్రావణంలో ముహూర్తం పెట్టారు. ఇప్పుడు గోవిందరాజులు గారు ఊరంతా చెబుతున్నారు, మా అల్లుడు మస్కట్‌లో కార్లెక్కలేని ముసలివాళ్ళ కోసం కార్లు దించుతాడని, అరబ్బులు తల్లిదండ్రుల్ని అంత బాగా చూసుకుంటారని. నేను కాదనలేదు. నువ్వూ కాదనకు. సెలవు పెట్టి బయల్దేరు.

ఇట్లు,
మావయ్య పోతురాజు

తా.క. పాత స్ప్రింగుల ఊసెత్తకు. కారు వేలెడెత్తు లేచినా పెళ్ళి లేదని కనకరత్నం గారు ఖచ్చితంగా చెప్పారు. కారు వాళ్ళింటి దగ్గరే ఉంది, పెళ్ళి దాకా పంపరట. ఆవిడ రోజూ ఒక చుట్టాన్ని చూసి వస్తున్నారు, ఇంకా చాలామంది ఉన్నారు. కాబట్టి పెళ్ళికొడుకుని ముత్యాలరాజు పంటు మీద తీసుకెళ్ళాలి. కారు లేకుండా ఒక్కడివే కదా, ఖాళీ బండిలాగే అంచున నిలబెడతానన్నాడు.